కీబోర్డు కొనేముందు మీటలు లెక్కపెట్టండి

నా ఉద్యోగం టెలికాం నెట్‌వర్క్ నిర్వహణలో. షిఫ్టు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నా చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. రౌటర్లకు ఆదేశాలు ఇవ్వడం, లింకు తెగినప్పుడు ఆ చివరా ఈ చివరా పరీక్షించడం, జరిగినదంతా టికెట్లో, అంటే ఆ సమస్య నమోదు పత్రంలో, రాయడం, ఇవన్నీ టైపు చేసే పనులే. అందువల్ల పరిచయస్తులు కొత్త కీబోర్డు కొనాలనుకున్నప్పుడు ఏది మంచిదని నన్ను అడుగుతూ ఉంటారు. వారిలో చాలామంది మొదటి ప్రశ్న ప్రతి మీటకూ విడి స్విచ్ ఉండే మెకానికల్ తీసుకోవాలా, మామూలుది చాలా అన్నది; రెండో ప్రశ్న ఎర్ర స్విచ్చా, నీలం స్విచ్చా అన్నది. ఆ రెండు ప్రశ్నలూ చివరికి ఉంచుకోవలసినవని నా అభిప్రాయం. మీ పనికి కావలసిన మీటలు ఆ కీబోర్డు మీద ఉన్నాయా లేవా అన్నది మొదట చూడాలి. అది కంప్యూటరుకు తీగతో కలుస్తుందా, రేడియోతో కలుస్తుందా అన్నది తరువాత చూడాలి. ఆ రెండూ తేలిన తరువాతే వేలికి తగిలే స్పర్శ గురించి ఆలోచించాలి. కొత్త స్పర్శకు చేయి వారం పది రోజుల్లో అలవాటు పడుతుంది కానీ, లేని మీటను అలవాటు చేసుకోవడం ఎవరివల్లా కాదు.

నిండు కీబోర్డా, చిన్న కీబోర్డా

అంకెల మీటలతో సహా అన్నీ ఉండే నిండు కీబోర్డులో సాధారణంగా 104 మీటలు ఉంటాయి. కుడివైపు అంకెల భాగాన్ని తీసేస్తే 87 మిగులుతాయి. ఇంకా కుదించి, పై వరుసలోని ఎఫ్ మీటలనూ బాణం గుర్తులనూ కూడా తొలగించిన చిన్న కీబోర్డులో 61 మాత్రమే ఉంటాయి. మిగిలినవాటిని ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కి రాబట్టుకోవాలి. బల్ల మీద చోటు తక్కువ ఉన్నవారికీ, కీబోర్డును సంచిలో వేసుకుని తిరిగేవారికీ ఈ చిన్నవి ఆకర్షణీయంగా కనిపిస్తాయి. వ్యాసాలు, ఉత్తరాలు రాసుకునేవారికి అవి నిజంగానే సరిపోతాయి. నావంటి పనిలో ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక అవసరం.

ఒకసారి ఒక పరికరాల గదిలో, పాస్‌వర్డు ఎవరి దగ్గరా లేని రౌటరును తిరిగి మా ఆధీనంలోకి తెచ్చుకోవలసి వచ్చింది. దానికి రౌటరును ఆపి మళ్లీ వెలిగించి, అది లేస్తున్న మొదటి నిమిషంలోపే, దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపే కన్సోల్ తీగ ద్వారా బ్రేక్ సంకేతం పంపాలి. నా ల్యాప్‌టాప్ మీద పాజ్-బ్రేక్ మీట లేదు. ఎఫ్ఎన్‌తో ఏ అక్షరం కలిపి నొక్కితే అది వస్తుందో వెతుకుతూ ఉండగానే నిమిషం దాటిపోయింది, రౌటరు మామూలుగా లేచి నిలబడి పాస్‌వర్డు అడిగింది. రెండోసారీ అంతే జరిగింది. మూడోసారి టెర్మినల్ ప్రోగ్రాము మెనూలో బ్రేక్ పంపే ఎంపిక కనిపించింది కాబట్టి పని ముగిసింది. బ్రేక్ అనేది అక్షరం కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఒక అక్షరం వెళ్లడానికి పట్టే కాలం కంటే ఎక్కువసేపు లైనును ఒకే స్థితిలో పట్టి ఉంచడమే బ్రేక్; టెలిప్రింటర్ల కాలం నుంచి వస్తున్న సంకేతం అది. అందుచేత దాని బదులు మరే అక్షరం నొక్కినా ఫలితం ఉండదు. మీ పనిలో ఇటువంటి మీట ఏదైనా ఉంటే, సంవత్సరానికి ఒక్కసారే అవసరమైనా సరే, అది విడిగా ఉన్న కీబోర్డునే ఎంచుకోండి. లేదా దాన్ని ఏ కలయికతో రాబట్టాలో ముందే కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించుకోండి.

అంకెల భాగం కావాలా వద్దా అన్నది ఇంత తేలికగా తేలదు. నేను రోజూ కొట్టే వాటిలో సగం ఐపీ అడ్రసులూ, సర్క్యూట్ నంబర్లూ, పోర్టు నంబర్లూ. అంకెల భాగంలో చుక్క కూడా ఉంటుంది కనుక 10.24.6.1 వంటి అడ్రసును ఒక్క చేత్తో, చూడకుండా కొట్టవచ్చు. పై వరుసలోని అంకెలతో అంత వేగం నాకు ఎన్నడూ రాలేదు. అయితే ఆ భాగం ఉన్నందువల్ల మౌసు మరింత కుడికి జరుగుతుంది, దానికోసం చేయి రోజంతా చాచి ఉంచాలి, ఆ భారమంతా భుజం మోస్తుంది. కొన్నేళ్ల తరువాత నేను 87 మీటల కీబోర్డుకు మారి, విడిగా దొరికే అంకెల మీటల పలకను ఎడమవైపు పెట్టుకున్నాను. ఎడమచేతికి అంకెలు నేర్పడానికి మూడు వారాలు పట్టింది. కుడిచేయి మౌసు మీద ఉండగానే ఎడమచేయి అంకెలు కొట్టగలగడం నా పనికి బాగా కుదిరింది కనుక, అంకెలతో ఎక్కువ పని ఉన్నవారందరికీ ఈ ఏర్పాటునే మొదట సూచిస్తాను.

అంకెల గురించి మరొక సంగతి. టెలిఫోను మీద 1, 2, 3 పై వరుసలో ఉంటాయి. కీబోర్డు అంకెల భాగంలోనూ, కాలిక్యులేటర్ మీదా 7, 8, 9 పైన ఉంటాయి. అమెరికా టెలిఫోను సంస్థకు చెందిన బెల్ ప్రయోగశాలల వారు ఫోను మీటల కోసం రకరకాల అమరికలను మనుషుల చేత నొక్కించి పరీక్షించి, 1960లో ఆ ఫలితాలు ప్రచురించారు. 1963 నవంబరులో మీటల టెలిఫోను వినియోగదారులకు అందింది. ఫోను మీదా కీబోర్డు మీదా ఒకే షిఫ్టులో నంబర్లు కొట్టేవారికి 1కి బదులు 7, 3కి బదులు 9 పడటం మామూలే. టికెట్లో ఫోను నంబరు తప్పు పడినప్పుడు నేను మొదట వెతికేది ఈ తారుమారునే.

ఆదేశాలు టైపు చేసేవారు నిలువు గీత గుర్తు ఎక్కడ ఉందో కూడా చూసుకోవాలి. రౌటరు ఇచ్చే పొడుగాటి జవాబులోంచి కావలసిన వరుసలను వడకట్టుకోవడానికి ఆ గుర్తు నిమిషానికోసారి అవసరమవుతుంది. అమెరికా అమరికలో అది ఎంటర్ పైన ఉంటుంది. బ్రిటన్ అమరికలో ఎడమ షిఫ్ట్ పక్కన ఉంటుంది, ఎంటర్ మీట ఆకారం కూడా మారుతుంది. రెండింటిలో ఏదైనా మంచిదే, కానీ ఆఫీసులో ఒకటీ ఇంట్లో ఒకటీ పెట్టుకోవద్దు.

అక్షరాల అమరిక మార్చాలా

మనందరం వాడే క్వెర్టీ అమరిక 1870లలో టైప్‌రైటర్‌తో పాటు వచ్చింది. టైప్‌రైటర్ చువ్వలు ఒకదానికొకటి చిక్కుకోకుండా ఉండటానికే అక్షరాలను ఇలా చెల్లాచెదురు చేశారని చాలామంది చెబుతారు. క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో మరొక వాదన ముందుకు తెచ్చారు: తొలి యంత్రాలను మోర్స్ సందేశాలు విని రాసుకునే టెలిగ్రాఫు ఉద్యోగులు వాడారనీ, వారి అవసరాలే ఈ అమరికను మలిచాయనీ ఆ వాదన. నా వృత్తికి పూర్వీకులైనవారి చేతివేళ్లు ఈ మీటల మీద ఉండి ఉంటాయన్న ఆలోచన నాకెంతో ఇష్టం.

వేళ్ల కదలిక తగ్గించడానికి 1936లో పేటెంటు పొందిన డ్వోరాక్, 2006లో వచ్చిన కోల్‌మాక్ అనే ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. డ్వోరాక్‌లో ఏ, ఎమ్ తప్ప అక్షరాలన్నీ చోటు మారతాయి. కోల్‌మాక్ 17 మీటలనే కదిలించి, కాపీ, పేస్టు వంటి పనులకు వాడే జెడ్, ఎక్స్, సీ, వీ లను ఉన్నచోటే ఉంచుతుంది. ఒకే కంప్యూటరు ముందు కూర్చుని రోజంతా రాసేవారు కోల్‌మాక్ ప్రయత్నించవచ్చు. ఇతరుల యంత్రాల మీద, పరికరాల గదుల్లోని ఉమ్మడి కీబోర్డుల మీద పనిచేసేవారు క్వెర్టీని వదలవద్దని గట్టిగా చెబుతాను.

అమరిక మార్చకుండానే ఎంతో మేలు చేసే చిన్న మార్పు ఒకటి ఉంది. క్యాప్స్ లాక్ మీటను సెట్టింగుల్లో కంట్రోల్‌గా మార్చుకోండి. ఆదేశాల వరుసలో మొదటికి వెళ్లడానికి కంట్రోల్-ఏ, చివరికి వెళ్లడానికి కంట్రోల్-ఈ, అవతలి పరికరం పలుకుతోందా అని చూస్తూ ఆగని పింగ్‌ను ఆపడానికి కంట్రోల్-సీ లేదా కంట్రోల్-షిఫ్ట్-6, ఇలా నా పనిలో కంట్రోల్ నొక్కని నిమిషం ఉండదు. అది ఎడమ మూలన ఉంటే చిటికెనవేలు ప్రతిసారీ వంగి కిందికి వెళ్లాలి. పాత యూనిక్స్ టెర్మినళ్లు కొన్నింటిలో అది ఏ అక్షరం పక్కనే ఉండేది. 1996లో జపానులో వచ్చిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు ఆ పాత పద్ధతినే పాటించింది. ఈ మార్పుకు కొత్త కీబోర్డు కొననక్కరలేదు కూడా.

తీగా, రేడియోనా

ఈ విషయంలో నాది స్థిరమైన అభిప్రాయం. ఎప్పుడూ ఒకేచోట ఉండే బల్లకు తీగ కీబోర్డే మేలు. రేడియోతో పనిచేసే వృత్తిలో ఉండి ఈ మాట అనడం కొందరికి వింతగా తోచవచ్చు కానీ, రేడియో ఎలా పనిచేస్తుందో రోజూ చూస్తున్నందువల్లే అంటున్నాను.

తీగలేని కీబోర్డులు రెండు రకాలు. ఒకటి బ్లూటూత్, రెండోది కంప్యూటరుకు గుచ్చి సంకేతాలు అందుకునే చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేది. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీనే వాడుకుంటాయి. వైఫైలో ఒక భాగం, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా అక్కడే ఉన్నాయి. మామూలు గదిలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, ఎందుకంటే బ్లూటూత్ ఒక చానెల్ నుంచి మరొక దానికి వేగంగా దూకుతూ రద్దీని తప్పించుకుంటుంది. అసలు ఇబ్బంది చాలామంది ఊహించని చోటునుంచి వస్తుంది. యూఎస్‌బీ 3 పోర్టులో డేటా పరుగెడుతున్నప్పుడు ఆ పోర్టూ, దానికి తగిలించిన తీగా ఇదే పట్టీలో రేడియో రొద వెదజల్లుతాయి. ఇంటెల్ సంస్థ 2012లో దీనిపై ఒక సాంకేతిక పత్రం ప్రచురించింది. డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు తగిలిస్తే, ఆ రొదలో కీబోర్డు పంపే బలహీనమైన సంకేతం మునిగిపోతుంది.

ఒక రాత్రి షిఫ్టులో ఇది నాకు అనుభవమైంది. ఒక టెలికాం కేంద్రంలోని పరికరంలో 14వ నంబరు పోర్టును, అంటే లింకు తీగ తగిలే ఒక చోటును, ఆపవలసి ఉంది. పోర్టు నంబరు టైపు చేసి, ఎంటర్ నొక్కబోతూ తెర వైపు చూస్తే 14కి బదులు 1 మాత్రమే ఉంది. ఆ పరికరంలో ఒకసారి పోర్టు లోపలికి వెళ్లాక ఆదేశం కోసం ఎదురుచూసే వరుస (ప్రాంప్ట్) మనం ఏ పోర్టులో ఉన్నామో చూపించదు. 1వ పోర్టు ఆ కేంద్రానికి ఉన్న ప్రధాన లింకు. చదవకుండా ఎంటర్ నొక్కి, వెంటనే ఆపే ఆదేశం ఇచ్చి ఉంటే మొత్తం కేంద్రమే మూగబోయేది. బ్యాకప్ కోసం తగిలించిన డిస్కు డాంగిల్‌ను ఆనుకుని ఉందని తరువాత గమనించాను. డిస్కు తీసేయగానే అక్షరాలు సరిగా పడ్డాయి, మళ్లీ తగిలించగానే ఒకటీ అరా మాయమయ్యాయి. మీ దగ్గర ఇటువంటి కీబోర్డు ఉంటే ఒక చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగతో డాంగిల్‌ను కీబోర్డు దగ్గరికి తెచ్చి పెట్టుకోండి. చాలా సందర్భాల్లో అంతటితో సరిపోతుంది.

రెండో కారణం భద్రత. కొన్ని డాంగిల్ కీబోర్డులు నొక్కిన అక్షరాలను గుప్తీకరించకుండానే గాలిలోకి పంపుతున్నాయనీ, మరికొన్ని డాంగిళ్లు బయటివారు పంపిన నకిలీ మీటనొక్కులను కూడా స్వీకరిస్తున్నాయనీ 2016లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. రౌటర్ల పాస్‌వర్డులు కొట్టే కీబోర్డుకు ఇది చిన్న లోపం కాదు. రేడియో కీబోర్డు తప్పనిసరైతే గుప్తీకరణ ఉందని తయారీదారు స్పష్టంగా చెప్పినదాన్ని, లేదా బ్లూటూత్‌ను తీసుకోండి.

అలాగని బ్లూటూత్ అన్నిచోట్లా పనిచేస్తుందనుకోకండి. కంప్యూటరు ఇంకా పూర్తిగా లేవకముందు, బయోస్ తెరలోనో బూట్ మెనూలోనో ఉన్నప్పుడు, అది సాధారణంగా పలకదు. బ్యాటరీ ఆదా కోసం నిద్రపోయిన కీబోర్డు మొదటి నొక్కుతో మేలుకుంటుంది, ఒక్కోసారి ఆ మొదటి అక్షరం పోతుంది; చుక్కలుగా కనిపించే పాస్‌వర్డులో అది పోయిన సంగతి కూడా తెలియదు. టాబ్లెట్, ఫోను, ల్యాప్‌టాప్ మూడింటి మధ్య మారుతూ రాసుకునేవారికి మాత్రం ఒకే కీబోర్డుతో మూడింటినీ నడపగలగడం గొప్ప సౌకర్యం. అటువంటివారు బ్లూటూత్‌నే ఎంచుకోవాలి, వీలైతే తీగతోనూ పనిచేసే రకాన్ని తీసుకోవాలి. ఇక ఆలస్యం గురించి ఆందోళన అక్కరలేదు. సాధారణ యూఎస్‌బీ కీబోర్డును కంప్యూటరు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి పలకరిస్తుంది. టైపు చేసేవారికి అది చాలు.

మీట కింద ఏముంది

ఇప్పుడు అందరూ ముందుగా అడిగే ప్రశ్నకు వద్దాం. మామూలు కీబోర్డులో మీటల కింద రబ్బరు గుబ్బలు ఉంటాయి. మీటను దాదాపు అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. కొన్నేళ్లకు రబ్బరు మెత్తబడి, ఎక్కువగా వాడే మీటలు ఒక తీరుగా, తక్కువ వాడేవి మరొక తీరుగా అనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో కనిపించే కత్తెర ఆకారపు నిర్మాణం మీట నిటారుగా దిగేలా చూస్తుంది, ప్రయాణం తక్కువ కనుక వేళ్లకు శ్రమా తక్కువ. రోజుకు గంటా రెండు గంటలు టైపు చేసేవారికి ఇది పూర్తిగా సరిపోతుంది. అంతకు మించి ఖర్చు పెట్టనక్కరలేదు.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ విడిగా స్ప్రింగు ఉన్న స్విచ్ ఉంటుంది. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎమ్ఎక్స్ స్విచ్‌లకు పెట్టిన రంగులనే మిగతా తయారీదారులు చాలామంది అనుసరించారు. ఎరుపు రకం అడ్డూ ఆపూ లేకుండా నేరుగా దిగుతుంది. గోధుమ రంగుది మధ్యలో చిన్న గతుకు తగిలిస్తుంది. నీలం రంగుది ఆ గతుకుతో పాటు టిక్కుమని శబ్దం చేస్తుంది. ఎరుపుకు 45 సెంటీన్యూటన్ల బలం, అంటే సుమారు 46 గ్రాముల బరువు చాలు. 4 మిల్లీమీటర్ల ప్రయాణంలో 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడుతుంది. అంటే మీటను అడుగుకు కొట్టవలసిన పని లేదు. ఎక్కువ గంటలు టైపు చేసేవారికి మెకానికల్ ఇచ్చే నిజమైన ప్రయోజనం ఇదేనని నేను అనుకుంటాను. అయితే దాన్ని పొందాలంటే వేలిని తేలికగా నొక్కడం నేర్చుకోవాలి.

ఎరుపుతో నాకు ఒక ఇబ్బంది ఎదురైంది. మీట మీద వేలు ఊరికే ఆనించినా అక్షరం పడుతోంది. ఆదేశాల వరుసలో అదనపు అంకె ఒకటి చేరడమూ, ఒక అంకె పోవడమూ సమాన ప్రమాదాలే. గోధుమకు మారాక ఆ పొరపాట్లు తగ్గాయి. నీలం స్పర్శ నాకు అన్నిటికంటే ఇష్టమే అయినా ఆఫీసులో వాడను. పెద్ద అంతరాయం వచ్చినప్పుడు పదిహేనుమందిమి ఒకే కాన్ఫరెన్సు కాల్‌లో ఉంటాం, ప్రతి ఒక్కరూ మాట్లాడుతూనే టైపు చేస్తూ ఉంటారు. ఒక్కరి దగ్గర నీలం స్విచ్‌లు ఉన్నా వారి హెడ్‌సెట్ ఆ టిక్కులన్నిటినీ అందరి చెవుల్లోకి పంపుతుంది. అవతలివారు చదువుతున్న పోర్టు నంబరు వినపడదు. ఫ్యాన్ల హోరుతో నిండిన సర్వర్ గదిలో మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ ఏ శబ్దమూ వినిపించదు కనుక వేలికి స్పష్టంగా తగిలే గతుకే ఆధారం.

ఫోను మీద టైపు చేయడం

ఫోను తెర మీది కీబోర్డు సందేశాలకు మంచిదే. ఆదేశాలను ఫోను సందేశంగా పంపడం మాత్రం మానుకోండి. అది నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా, రెండు చిన్న గీతలను ఒక పొడవు గీతగా మార్చివేయవచ్చు. వాటిని కాపీ చేసి రౌటరులో వేస్తే అది తీసుకోదు. తప్పనిసరైతే తనంతట తాను సరిదిద్దే సెట్టింగులన్నీ ఆపి పంపండి.

తెలుగు రాసేవారికి

తెలుగు టైపింగులో ఆంగ్ల అక్షరాలతో రాసి తెలుగులోకి మార్చుకునే పద్ధతి ఒకటి, భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ మరొకటి. అప్పుడప్పుడు రాసేవారికి మొదటిది చాలు. ఎక్కువగా రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి ఒక నెల కేటాయించాలని నా సలహా. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి కనుక రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. పొల్లు ఎడమ నడిమి వేలు ఆనే డి మీట మీదే ఉంటుంది. ‘కార్యక్రమం’ అన్న మాటకు ఇన్‌స్క్రిప్ట్‌లో 10 నొక్కులు పడితే, ఆంగ్ల అక్షరాలతో 11 గానీ 12 గానీ పడతాయి. లాభం ఆ ఒకటి రెండు నొక్కుల్లో కంటే, అనుకున్న అక్షరమే పడుతుందన్న భరోసాలో ఉంది. మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చువేసిన కీబోర్డు కోసం వెతకనక్కరలేదు. అమరిక బొమ్మను తెర మూలన పెట్టుకుని సాధన చేస్తే చేతులు త్వరగా నేర్చుకుంటాయి, కళ్లు కిందికి దిగవు.

మీటల ప్లాస్టిక్ గురించి ఒక్క మాట చాలు: ఏబీఎస్ రకం కొన్నాళ్లకు నునుపెక్కి మెరుస్తుంది, పీబీటీ గరుకుదనం చాలాకాలం నిలుస్తుంది. కీబోర్డు వెనుక ఉండే రెండు చిన్న కాళ్లను మాత్రం తెరవకుండా ముడిచే ఉంచండి. వాటిని లేపితే మణికట్టు పైకి వంగి గంటల తరబడి అలాగే ఉండిపోతుంది.

వీలైతే కొనేముందు తెలిసినవారి కీబోర్డు ఒకరోజు అడిగి తెచ్చుకోండి. కథో కవితో కాకుండా, మీ పనిలో నిన్న టైపు చేసినదాన్నే ఒక గంటసేపు దాని మీద మళ్లీ టైపు చేయండి. ఏ మీట కోసం కళ్లు కిందికి దిగాయో, ఏ అంకె రెండుసార్లు పడిందో, గంట చివర ఏ వేలు నొప్పెట్టిందో రాసుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి.